భోజనానంతర శ్రవణం

రాజమహేంద్రవరం దానవాయిపేటలో సత్యప్రసాద్ ఇంటికి పాత స్పీకర్లు కొనడానికి వచ్చే మనిషి ముందు చెప్పులు విప్పాలి, తరవాత కాళ్ళు కడుక్కోవాలి, ఆ తరవాత భోంచెయ్యాలి. స్పీకర్ల ఊసు ఆ పైనే. "రైల్లో తినేసి వచ్చానండి" అని తప్పించుకోబోయినవాళ్ళు లేకపోలేదు. "రైల్లో తిన్నదీ ఒక తిండేనాండీ? మొహమాటపడకండి, ఆకు వేసేశాం" అంటూ సత్యప్రసాద్ రెక్క పట్టుకుని మరీ కూర్చోబెట్టేవాడు. బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కుర్రాడైనా సరే, పూణే ఆడిటరైనా సరే, ఆ గడప తొక్కాక ఆకు ముందు కూర్చోక తప్పదు.

వంట అతని భార్య సూర్యకళది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బొమ్మిడాయిల పులుసు, రొయ్యల వేపుడు, ముద్దపప్పు, చెంచా నిలబడే గడ్డపెరుగు. చివర్లో "ఒక్కటేనండీ, ఒక్కటే" అంటూ రెండు పూతరేకులు. అంత తిన్న మనిషిని తీసుకెళ్ళి హాల్లో మెత్తటి కుర్చీలో కూలేసి, ఏసీ వేసి, కర్టెన్లు దించి, సన్నగా వయొలిన్ పెడితే ఏమవుతుంది? ఏమవ్వాలో అదే అవుతుంది. ముందు నుదుటి మీద ముడతలు విడతాయి. తరవాత కళ్ళు బరువెక్కుతాయి. ఆ తరవాత తల ఒక పక్కకి ఒరిగి, నోరు కాస్త తెరుచుకుని, ముఖంలోకి ఒక దివ్యమైన శాంతి వచ్చేస్తుంది. ఆ శాంతి పనసపొట్టుదా, వయొలిన్‌దా అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ఉన్న ఒక్క సత్యప్రసాదూ అది తన యాంప్లిఫయరుదే అని మనసా వాచా నమ్మాడు.

ఈ వ్యాపారం గురించి రెండు ముక్కలు చెప్పాలి. లోకంలో కొందరుంటారు. ఒక జత స్పీకర్లకి ఒక ఫ్లాటు ఖరీదు తగలేసి, రెండేళ్ళు విని, ఇంకా గొప్పవి ఎక్కడో ఉన్నాయని ఎవరో అంటే వీటిని వదిలించుకునే మహానుభావులు. వాళ్ళ దగ్గర కొని, తుడిచి, సోకు చేసి, ఫొటోలు తీసి, నెట్‌లో అలాంటి పిచ్చివాళ్ళే ఉండే గ్రూపులో పెట్టి, ఇంకో మహానుభావుడికి అమ్మడం సత్యప్రసాద్ పని. సెకండ్‌హ్యాండ్ అంటే అతనికి ఎక్కడలేని కోపమూ వచ్చేది. "ఒకరి చేతిలో పండిన వస్తువండి ఇది" అనేవాడు. గ్రూపులో అతను రాసే రాతలకి ప్రత్యేకంగా అభిమానులుండేవారు. ఫలానా యాంప్లిఫయరులో వీణ తీగ మీద గోరు జారడం కూడా వినపడుతుందని రాసేవాడు. ఫలానా స్పీకరు మధ్యస్థాయి తాటిబెల్లం పాకంలా సాగుతుందని రాసేవాడు. చదివినవాళ్ళు లొట్టలేసేవారు. వాళ్ళే అతనికి 'బంగారు చెవులు' అని బిరుదిచ్చారు.

ఆ బిరుదు మీద సత్యప్రసాద్‌కి ఉన్న ప్రేమ చెప్పలేం. ఎందుకంటే, అతనికి అది తప్ప వేరే ఏమీ లేదు. తాత నాటి ఎరువుల కొట్టు తమ్ముడికి వదిలేసి ఇందులోకి దిగినప్పుడు చుట్టాలంతా నవ్వారు. "యూరియా అమ్మలేనోడు పాటలు అమ్ముతాడంట" అని పెళ్ళిళ్ళలో చెప్పుకున్నారు. తల్లి చిన్నమ్మాయి గారు ద్రాక్షారామంలో చిన్నకొడుకు దగ్గరికి వెళ్ళిపోయి, "పెద్దోడికి గ్రహాలు బాలేవు" అని భీమేశ్వరస్వామికి అభిషేకాలు చేయించింది. అటువంటి మనిషిని ఇవాళ ఎక్కడో చండీగఢ్‌లో ఉన్నవాడు 'మీ చెవి ఒప్పుకుంటేనే నేను కొంటానండి' అంటున్నాడు. ఆ చెవి పోతే సత్యప్రసాద్ మళ్ళీ యూరియా అమ్మలేని వాడే అవుతాడు. ఆ భయం అతనికి ఉండేది. భయం ఉన్నవాడు దాని పక్కకి వెళ్ళడు గదా, ఇతనూ వెళ్ళేవాడు కాదు.

అసలు అతను వినే పద్ధతే వేరు. కుర్చీలో కూర్చునేది కొనేవాడు. ఇతను పక్కన స్టూలు మీద వాడి ముఖానికి ఎదురుగా కూర్చునేవాడు. వాడి కళ్ళు మూతపడితే 'మధ్యస్థాయి మెత్తగా ఉంది' అని మనసులో రాసుకునేవాడు. తల ఊగితే లయ బాగుందన్నట్టు. నోరు తెరుచుకుంటే పాట పరుచుకునే వేదిక విశాలంగా ఉన్నట్టు. అందరూ ఇలాగే వింటారని అతని ఉద్దేశం. చెవులు అనేవి ముఖాలు చూసేటప్పుడు ముఖానికి రెండు పక్కలా ఉండే వస్తువులు కామోసు!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అతను అమ్మిన వస్తువు ఒక్కటీ వెనక్కి రాలేదు. గ్రూపులో ఇంకెవరికీ ఆ రికార్డు లేదు. అంత తిని వెళ్ళినవాడు ఇంటికెళ్ళి 'మీ యాంప్లిఫయరు బాలేదు, తీసుకోండి' అని ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేస్తాడు? ఫోన్ ఎత్తేది సూర్యకళ కూడా కావచ్చు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాలు ఈ వ్యాపారంలోనూ తక్కువే. పైగా ఇంకో విచిత్రం. తీసుకెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా రాసేవారు: 'మీ ఇంట్లో విన్నదానికంటే మా ఇంట్లో ఇంకా బాగుందండీ!' దానికి సత్యప్రసాద్ దగ్గర జవాబు తయారుగా ఉండేది. "కొత్తకోడలికి అత్తారిల్లు అలవాటవ్వాలి కదండీ, స్పీకరూ అంతే, కుదురుకుంటుంది." దానికి లైకులే లైకులు.

సూర్యకళకి మాత్రం ఆ హాల్లో పాటలు నచ్చేవి కావు. ఆమె వంటింట్లో పోపులపెట్టె పక్కన ఫోన్ పెట్టుకుని, దాని బుల్లి స్పీకరులోంచి పాటలు వింటూ పని చేసుకునేది. సత్యప్రసాద్‌కి అది ప్రాణం మీదకి వచ్చేది. "దేశంలో జనం రైళ్ళెక్కి వచ్చి వింటున్నారు. నువ్వు ఆ రేకుడబ్బా వింటావేంటి సూర్యం?" అనేవాడు.

"ఏమోనండి. మీ దాంట్లో పాడే మనిషి ఎక్కడుందో తెలీదు. గదంతా ఉన్నట్టే ఉంటుంది, ఎక్కడా ఉండదు. ఇందులో అయితే నా ఎదురుగా నిలబడి పాడినట్టుంటుంది" అంది ఆమె ఒకసారి.

"నీవి మట్టి చెవులే. ఆవాలు చిటపటలాడాయో లేదో వినడానికి పనికొస్తాయి" అన్నాడతను నవ్వుతూ. నవ్వుతూనే అన్నాడు, కాదనను. కానీ ఆ మాట అతనికి ఎంత ముద్దొచ్చిందంటే వచ్చిన చుట్టాల దగ్గరా అన్నాడు, కొనడానికి వచ్చినవాళ్ళ దగ్గరా అన్నాడు, అన్నప్పుడల్లా సూర్యకళ కూడా నవ్వేది. కొన్నాళ్ళకి ఆమే "నాకు పెద్ద సంగీతాలు తెలీవండి, మట్టి చెవులు" అని ముందుగా చెప్పేసేది. ఇక ఆమె అన్న మాటని అతను వృథాగా పోనివ్వలేదు. తరవాత పెట్టిన ప్రకటనలోనే 'గాయని ఎక్కడుందో తెలియదు, గదంతా ఆమే!' అని రాశాడు. ఆ స్పీకర్లు సాయంత్రానికల్లా అమ్ముడైపోయాయి.

అలా నడుస్తున్న బండికి యెహెజ్కేలు గారు అడ్డం వచ్చారు.

ఆయనది సామర్లకోట. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. అక్కడి లూథరన్ చర్చిలో పాటల బృందానికి క్వయర్ మాస్టారు. సత్యప్రసాద్ విశాఖపట్నంలో ఒక డాక్టరు గారి దగ్గర తెచ్చిన ఇంగ్లండు స్పీకర్ల జతని గ్రూపులో చూసి, శుక్రవారం వస్తానని ఫోన్ చేశారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాలో, చేతిలో గొడుగుతో దిగారు. చెప్పులు విప్పారు. కాళ్ళు కడుక్కున్నారు. వంటింట్లోంచి వస్తున్న పులుసు వాసనకి ఒక్క క్షణం ఆగి, తృప్తిగా తల పంకించారు కూడా.

"రండి మాస్టారూ, ముందు భోజనం" అన్నాడు సత్యప్రసాద్.

"వద్దండి. ఈస్టర్ ముందు శ్రమల కాలం కదండి, శుక్రవారాలు ఉపవాసం. సాయంత్రం ప్రార్థనయ్యే దాకా ఏమీ ముట్టను."

"అయ్యో, కొంచెం పెరుగన్నం..."

"మంచినీళ్ళు చాలండి."

"పోనీ, ఒక్క పూతరేకు. అది తిండి కిందకి రాదండి, కాగితమే" అంది సూర్యకళ గుమ్మంలోంచి.

"మీరు అంత ఆప్యాయంగా అంటుంటే నాకే బాధగా ఉందమ్మా. ఈస్టర్ వెళ్ళాక వచ్చి తింటాను. మాటంటే మాటే" అన్నారు యెహెజ్కేలు గారు.

సత్యప్రసాద్ కంగారుపడ్డాడు. ఇన్నేళ్ళలో ఖాళీ కడుపుతో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి లేడు. ఎందుకు కంగారుపడుతున్నాడో అతనికే తెలియలేదు. చెవులు బంగారమైనప్పుడు కొనేవాడి కడుపుతో పనేముంది? అలా అనుకుని వయొలిన్ పెట్టబోయాడు.

"అది వద్దండి, నాది తెచ్చుకున్నాను" అని ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. "మా క్వయర్ పాట. రికార్డు చేసినప్పుడు నేనే ముందు నిలబడి చెయ్యి ఊపాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారో నాకు కంఠతా వచ్చు."

పాట మొదలైంది. సత్యప్రసాద్ స్టూలు మీద కూర్చుని అలవాటు ప్రకారం ఆయన ముఖం చూశాడు. ఆ ముఖంలో ఒక్క ముడతా విడలేదు. కళ్ళు మూతపడలేదు, ఇంకా పెద్దవయ్యాయి. ఎవరో తప్పిపోయినట్టు ఆయన హాలంతా వెతకడం మొదలుపెట్టారు. లేచి ఎడం స్పీకరు దగ్గరికి వెళ్ళారు. చెవి పెట్టారు. కుడి స్పీకరు దగ్గరికి వెళ్ళారు. చెవి పెట్టారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"రెబెక్కా ఏదండీ?" అన్నారు.

"ఎవరండీ?"

"మా అమ్మాయండి. సరిగ్గా మధ్యలో నిలబడి పాడింది. ఇక్కడ మధ్యలో ఎవరూ లేరు."

సత్యప్రసాద్ తేరుకున్నాడు. ఇలాంటి ప్రశ్నకి అతని దగ్గర అరిగిపోయిన జవాబే ఉంది. "ఈ స్పీకర్ల గొప్పతనమే అదండి మాస్టారూ. గాయని గదంతా నిండిపోతుంది."

"నిండిపోవడానికి అదేమన్నా సాంబ్రాణి పొగాండీ? మనిషి. కాళ్ళుంటాయి, ఎక్కడో అక్కడ నిలబడాలి" అన్నారు యెహెజ్కేలు గారు. వెటకారం లేదు అందులో. నిజంగానే కూతురు కనిపించని తండ్రిలా ఉన్నారు.

వంటింటి గుమ్మంలో గరిటె చప్పుడు ఆగిపోయింది. "నేనన్నదీ అదేనండి" అంది సూర్యకళ. అనేసి, మాట జారినట్టు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేం తెలుసులెండి. మట్టి చెవులు."

యెహెజ్కేలు గారు ఆమె వైపు తిరిగారు. "ఏమన్నారమ్మా? మళ్ళీ అనండి."

"పాడేవాళ్ళు ఎక్కడున్నారో తెలీదండి. ఇవే కాదు, ఈ హాల్లో ఏవి పెట్టినా అంతే. అందుకే నేను ఫోన్లో వింటాను."

"ఏవి పెట్టినా అంతేనా! అయితే తప్పు స్పీకర్లది కాదండి" అని ఆయన మళ్ళీ లేచారు. "ఒకసారి ఎడమది ఆపండి."

ఆపాడు. కుడి స్పీకరులోంచి గొంతు శుభ్రంగా వచ్చింది. కుడిది ఆపి ఎడమది పెడితే అందులోంచీ శుభ్రంగానే వచ్చింది. రెండూ కలిపితే మళ్ళీ పాడైపోయింది. ఇదంతా యెహెజ్కేలు గారి ముఖం చూసి సత్యప్రసాద్ గ్రహించిందే తప్ప, అతనికి మూడూ ఒకేలా ఉన్నాయి.

"విడివిడిగా బాగానే ఉన్నాయి, కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఒక వైర్లో ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయండి. ఏది ఎరుపో ఏది నలుపో చూద్దాం" అని ఆయన వంగి ఎడం స్పీకరు వెనక్కి చూసి తెల్లబోయారు. "ఇదేంటి, రెండూ తెలుపే!"

సత్యప్రసాద్‌కి అప్పుడు గుర్తొచ్చింది. గృహప్రవేశం నాడు అతను పంతులు గారి కంటే ముందు లేచి, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా, ఈ వైర్లు తనే లాగాడు. ఎడం స్పీకరు పడింది ఈశాన్యం మూల. చిన్నమ్మాయి గారు కలశం పట్టుకుని లోపలికొచ్చి, ఆ మూల చూసి గడపలోనే ఆగిపోయింది. "ఈశాన్యంలో నల్లతాడేంట్రా, ఇల్లు ఉంచుతావా ముంచుతావా?" తాడు కాదమ్మా వైరు అన్నా వినలేదు. బయట బ్యాండువాళ్ళు, లోపల పాలు పొంగుతున్న వేళ. ఎరుపుకీ నలుపుకీ కలిపి ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్ల టేపు చుట్టేసి, "చూడు, ఇప్పుడు మల్లెపూలే" అని తల్లిని లోపలికి తెచ్చాడు. ఆ తరవాత రెండు తెల్ల వైర్లలో ఏది ఏదో గుర్తు లేక, ఏదో ఒకటి తగిలించాడు. పాట వచ్చింది. పాట వస్తే ఇంకేం కావాలి? ఆ వేళ నుంచి ఈ వేళ దాకా వచ్చిన ప్రతి స్పీకరూ, ప్రతి యాంప్లిఫయరూ ఆ వైర్లకే తగిలింది.

కొన్నవాళ్ళ ఇంట్లో ఎందుకు ఇంకా బాగుండేవో ఇప్పుడు తెలిసింది. వాళ్ళ ఈశాన్యంలో నలుపు నలుపులాగే ఉంది.

సూర్యకళ కూరలు తరిగే కత్తి తెచ్చింది. యెహెజ్కేలు గారు టేపు చీల్చారు. లోపల ఎర్రది ఉండవలసిన చోట నల్లది నిక్షేపంగా కూర్చుని ఉంది. మార్చి తగిలించారు. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

సత్యప్రసాద్ ఎదురుగా ఇప్పుడు రెండు ముఖాలున్నాయి. యెహెజ్కేలు గారి ముఖంలో ఒక తండ్రి నవ్వు వచ్చింది. "అదిగో! వచ్చింది మా పిల్ల" అని టీవీకీ కిటికీకీ మధ్య ఖాళీని వేలెత్తి చూపించారు. కానీ సత్యప్రసాద్ చూస్తున్నది ఆ ముఖం కాదు. సూర్యకళ చేతిలో కత్తి అలాగే ఉంది. ఆ ఖాళీలో నిజంగా ఎవరో నిలబడ్డట్టు ఆమె అటే చూస్తోంది. ఒక అడుగు ముందుకి వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు, సిగ్గుపడలేదు. వందమంది ముఖాలు చదివిన మనిషి సత్యప్రసాద్. అవన్నీ పులుసు తిన్న ముఖాలని ఈ ముఖం చూశాక తెలిసింది. వింటున్న ముఖం అంటే ఇది. దాన్ని అతను ఇదే మొదటిసారి చూడడం.

చూసి, గాభరాగా తనూ చెవులు రిక్కించాడు. మధ్యలో ఎవరైనా ఉన్నారా? కళ్ళు మూసుకుని వెతికాడు. పాట ఉంది. ఇందాకా ఉంది, ఇప్పుడూ ఉంది. అంతే. ఎంత రిక్కించినా అంతకు మించి ఏమీ లేదు.

"మీకెలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగారు యెహెజ్కేలు గారు.

ఆహా అంటే సరిపోయేది. తాటిబెల్లం పాకం అంటే ఇంకా బాగుండేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ కత్తి పట్టుకుని ఏడుస్తున్న పెళ్ళాన్ని చూస్తూ ఆ అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

"నాకు తేడా ఏం తెలీలేదండి మాస్టారూ. ఇందాకటిలాగే ఉంది" అన్నాడు. అయిపోయింది, చెవులు ఊడిపోయాయి, ఇక చుట్టాలకి పండగే అనుకున్నాడు.

యెహెజ్కేలు గారు అతన్ని ఒక్క క్షణం చూసి, రెండు చేతులూ పట్టుకున్నారు. "ఎంత మాటన్నారండీ! తప్పు దొరికింది, సరిచేశాం, అందులో నా గొప్ప ఏముంది, మీ గొప్ప ఏముంది అంటున్నారు. మీలాంటి చెవి ఉన్నవాళ్ళు కాలరెగరేస్తారు. మీరు తగ్గించుకున్నారు. తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును అని బైబిల్లో ఊరికే అన్నారా!"

"కాదండి, నిజంగానే..."

"ఇంకేం చెప్పకండి. నాకు అర్థమైంది" అని ఆయన స్పీకర్లు ఖాయం చేసుకుని, పండగ వెళ్ళాక వ్యాను పంపిస్తానని, సూర్యకళకి దణ్ణం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

గేటు పడిన చప్పుడు వినిపించాక సూర్యకళ కత్తి బల్ల మీద పెట్టింది.

"నిజంగానే తెలీలేదా?"

"తెలీలేదు."

"ఇప్పుడనే కాదు, ఎప్పుడూ?"

సత్యప్రసాద్ తల వంచుకున్నాడు. "వచ్చినవాళ్ళ ముఖాలు చూసి రాసేవాణ్ణి సూర్యం. అందరూ అలాగే వింటారనుకున్నాను. ఒట్టు."

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, పాపం కొరకలేక ఎంత అవస్థ పడుతున్నాడో అన్నాడంట!" అంది సూర్యకళ. ఒక్కసారిగా ఆమె గొంతు లేచింది. "మీకు వినపడకపోతే నాకేం బాధ లేదండి. దేవుడు అందరికీ అన్నీ ఇవ్వడు. కానీ నాకు వినపడిందే! నేను చెప్పానే! చెప్తే మట్టి చెవులన్నారు. చుట్టాల ముందు అన్నారు, దారిన పోయేవాళ్ళ ముందు అన్నారు. అనగా అనగా నేనే నమ్మేశాను. నా ఇంట్లో నా చెవుల్ని నేనే నమ్మకుండా, పోపులపెట్టె పక్కన ఫోన్ పెట్టుకుని దొంగచాటుగా విన్నాను. అది మీకు తెలుస్తోందా?"

అది తెలిసింది. దానికి చెవులు అక్కర్లేకపోయింది. ఆమె కుర్చీలో కూర్చుంది, ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు. వాళ్ళ పెళ్ళినాటి పాటలు పెట్టుకుంది. వంటింట్లో పులుసు చల్లారిపోయింది. "తిందామా?" అని అతను రెండుసార్లు అడిగాడు. "మీరు తినండి" అంది రెండుసార్లూ.

మర్నాటి పొద్దున కాఫీ కూడా తాగకుండా సత్యప్రసాద్ ఫోన్ తెరిచాడు. అప్పటికే గ్రూపులో యెహెజ్కేలు గారు ఇంత పొడుగు వ్యాసం రాసేశారు. తప్పు దొరికిన వైనం, తేడా తెలియలేదని 'బంగారు చెవుల' గారు పలికిన వినమ్ర వచనం, అంతా. కింద దణ్ణాలు పెట్టే చేతుల బొమ్మలు గుట్టలుగా ఉన్నాయి. సత్యప్రసాద్‌కి తిక్క రేగింది. ఇక దాచేది లేదనుకుని, మొత్తం రాశాడు. తనకి చెవి లేదని, ఎప్పుడూ లేదని, ముఖాలు చూసి రాశానని, ఆ ముఖాలు కూడా భోజనం చేసినవని, తప్పు ఏళ్ళ కిందటే తన భార్య సూర్యకళ పట్టుకుంటే నోరు మూయించానని, ఆమె ఫిర్యాదునే ప్రకటనగా అచ్చేశానని. పోస్టు పెట్టేసి, ఉరికంబం ఎక్కినవాడిలా ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

జవాబులు రావడం మొదలైంది. సూర్యకళ ఒక్కొక్కటీ పైకి చదివింది.

"'సార్, ఎంత వినయం! కళ్ళు చెమర్చాయి.'

'గొప్పతనం భార్యకి ఇచ్చే మగాణ్ణి ఇన్నాళ్ళకి చూశాం.'

'తేడా తెలీలేదంటే, వైరు తప్పుని మీ చెవి లోపలే ఎప్పుడో సరిదిద్దుకుందన్నమాట. ఇది సామాన్యులకి సాధ్యం కాదు.'

'ముఖాలతో వినడం మీద ఒక తరగతి పెట్టండి గురువుగారూ.'

'తరవాతి డెమో ఎప్పుడండీ? బొమ్మిడాయిల పులుసు ఉంటుందా?'"

ఆమెకి ముందు నవ్వొచ్చింది. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "చూశారా? నేను చెప్తే నమ్మలేదు మీరు. మీరు చెప్తే నమ్మట్లేదు వీళ్ళు."

"నేనేం చెయ్యను సూర్యం? ఉన్నది ఉన్నట్టు రాశాను."

"రేపు కాకినాడ నుంచి ఎవరో వస్తామన్నారుగా, వస్తున్నారా?"

"వస్తున్నారు. యాంప్లిఫయరు కోసం."

"అయితే వంట మీరు చెయ్యండి."

"నేనా? నాకేం వచ్చు?"

"రాదు కాబట్టే. మీ వంట తింటే ఎవరికీ మగత రాదు, మొహమాటమూ ఉండదు. ఎలా వినపడుతోందో అలాగే చెప్తారు. పక్కన స్టూలు మీద మీరుండక్కర్లేదు, కుర్చీలో నేను కూర్చుని ముందు వింటాను. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని నేనే చెప్తాను. వాళ్ళు కొంటే కొంటారు, పోతే పోతారు."

"ఎవరూ కొనకపోతే?"

"అప్పుడు చూద్దాం. యూరియా ఎక్కడికీ పోదుగా" అంది సూర్యకళ.

మర్నాడు సత్యప్రసాద్ వంటింట్లోకి వెళ్ళి, కందిపప్పు డబ్బా దించి, గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. "పప్పుకి నీళ్ళు ఎన్ని పొయ్యాలి సూర్యం?" అని కేకేశాడు. జవాబుగా హాల్లో పాట మొదలైంది. ఎప్పటిలాగే ఉంది అతనికి. వంటింట్లోంచి ఆమె ముఖం కనపడదు, అందుకని ఆ పాట బాగుందో లేదో తెలుసుకునే దారి అతనికి లేకపోయింది.